చిల్లర ఉందా

ముప్పై నాలుగేళ్ళు
గుంటూరు స్టేషన్లో మూడో కౌంటరు నాది.
గాజుపలకకి అర్ధచంద్రమంత కన్నం,
అందులోంచి లోపలికొచ్చేవి చేతులు మాత్రమే.
తెనాలి ఒకటి. నరసరావుపేట రెండు.
మాచర్ల ఒక ఫుల్లు, ఒక హాఫు.
తలెత్తి మొహం చూస్తే క్యూ ఆగిపోతుంది.
నా నోట ఎక్కువసార్లు పలికిన మాట
అమ్మా కాదు, దేవా కాదు,
"చిల్లర ఉందా?"

రిటైరయ్యాక
మాచర్ల బండి కూత వినపడ్డప్పుడల్లా
కుడిచెయ్యి దానంతటదే సొరుగు లాగేది.
సొరుగు లేదు.
చీర కుచ్చిళ్ళు చేతికొచ్చేవి.

పక్కవాటా కృపావరమ్మ గారు ఊరుకోలేదు.
గురువారం స్త్రీల కూడిక, వాక్యం చదువుకుంటాం, రమ్మంది.
డ్యూటీ ఉందని ఇన్నేళ్ళూ తప్పించుకున్నదాన్ని,
ఆ సాకు కూడా నాతోపాటే రిటైరయింది.

కొత్తపేట సందులో, మందుల షాపు పైన మేడ.
మెట్లమీద చెప్పులు లెక్కపెట్టాను, అలవాటు కొద్దీ:
పదకొండు జతలు.
ఒకదానికి ఉంగటం తెగితే పిన్నీసు పెట్టి ఉంది.

లోపల జంపఖానా, కరెంటు లేక ఆగిన ఫ్యాను,
ప్లాస్కులో అల్లం టీ.
జ్ఞానసుందరి టీచరు పెద్దక్షరాల బైబిలు
చెయ్యి చాచినంత దూరం పట్టుకుని
"నీ కళ్ళు ఇటివ్వవే" అంటూ
పేరైనా అడక్కుండానే నా జోడు లాక్కుంది.
ఆ పూటంతా ఒక్క జోడే
ఆవిడ ముక్కు మీదికీ నా ముక్కు మీదికీ తిరిగింది,
చెరో వచనం చొప్పున.

రెండు కాసులు కానుకేసిన విధవరాలి సంగతి వచ్చింది.
త్యాగం అన్నారొకరు, విశ్వాసం అన్నారొకరు.
ఆ రెండు కాసులకీ
చిల్లర ఎవరిచ్చారో పాపం, అన్నాను నేను.
మనసులో అనుకున్నానుకున్నా. పైకే వచ్చేసింది.

ఎవరూ మాట్లాడలేదు.
మూలనుంచి మాత్రం
దగ్గుతో కలిసిన నవ్వు.

ప్రార్థనకి చేతులు కలిపారు.
ఆ నవ్విన మనిషి చెయ్యి నా చేతిలోకొచ్చింది.
బొటనవేలి గోరు నిలువునా చీలి,
వేళ్ళ కొసలు కందిపోయి, గరుకుగా.
ఆమేన్ లోపే నా అరచెయ్యి మండింది.
ఆ చేత్తోనే కన్ను నలుపుకున్నాను.
నీళ్ళు ధార కట్టాయి.
ఆత్మ తాకిందమ్మా, అంది కృపావరమ్మ గారు.
తాకింది మిరపకాయ.

కోల్డు స్టోరేజీలో తొడిమలు తీస్తుందట, పేరు సంతోషమ్మ.
కొంగు తడిపి నా కన్ను తుడుస్తూ
"మూడో కౌంటరు మీరేనా" అంది.
"గొంతు పట్టాను. మొహం ఇదే చూడ్డం."

ఆ చేతిని నేనూ ఎరుగుదును.
సోమవారం తెల్లారుజామున, సత్తెనపల్లి ఒకటి,
మాత్రబిళ్ళంత మడతపెట్టిన నోటు,
విప్పితే ఘాటు, నాకు తుమ్ము.

"మీరు నాకు రెండు రూపాయలు బాకీ" అంది.
"చిల్లర లేదు, రేపు తీసుకో అన్నారు.
రేపు మీ సీట్లో ఇంకొకాయన ఉన్నాడు."

పర్సు తెరిచాను.
ఠక్కున మూసేసింది.
"ఇచ్చేస్తే వచ్చే వారం ఏ వంకన పలకరించను?"

ఇది జరిగి మూడేళ్ళు.
ఆమెకి చదువు రాదు, నాకు నిలకడ రాదు.
నేను చదువుతుంటే మధ్యలో ఆపి
ఆ పూట వాళ్ళింట్లో కూరేమిటమ్మా అని అడుగుతుంది.
ఎక్కడా రాసి ఉండదు.
ఇద్దరం ఏదో ఒకటి వండేస్తాం.

మొన్న గురువారం పిన్నీసు చెప్పులు కనపడలేదు.
ఏటుకూరు రోడ్డుకి ఆటో కట్టించుకుని వెళ్ళాను.
మంచంలో ఉంది, దగ్గు, గొంతు పెగలట్లేదు.
ట్యూబులైటు కింద కూచుని ఆ వారం భాగం చదివాను,
ఎప్పుడు నిద్రపోయిందో చూసుకోలేదు.

లేచి చెప్పులేసుకుంటుంటే
దుప్పట్లోంచి చెయ్యి ఒక్కటే బయటికొచ్చింది,
అరచెయ్యి పైకి పెట్టి.
"చిల్లర ఉందా?"

లేదు, అన్నాను.
రేపు.