వరుస

తాంపెరెలో జనవరి. మధ్యాహ్నం మూడున్నరకే
దీపాలు వెలిగించుకోవాలి.
పాత నూలుమిల్లు పైకప్పు కింద, లిఫ్టు మోటారు గదిలో
గ్రీజు వేళ్ళతో తౌనో
లాప్‌టాప్ తెరిచాడు.

పదకొండేళ్ళ తగువు ఇది.
రైమో అంటాడు: డాలు మోసేవాడికి ముందు ఓర్పు కావాలి.
తౌనో అంటాడు: ముందు కత్తి. బతికుంటే ఓర్పు అదే వస్తుంది.
ఒకే ఆటలో ఇద్దరూ ఒకే రకం వీరుణ్ణి పెంచారు,
ఒకే పేరు పెట్టారు, అది మాత్రం పొరపాటున.
తీగతాళ్ళకు నూనె రాస్తూ,
నల్ల సాసేజి మీద ఎర్ర జామ్ పూసుకుని తింటూ,
లోపల ఇరుక్కున్న ముసలావిడ "ఇంకెంతసేపు" అని అరుస్తుంటే
తలుపు ఇవతల నిలబడి కూడా
అదే తగువు.

అందుకే ఈ పనిముట్టు రాశాడు,
రెండు నెలల రాత్రుళ్ళు తగలేసి.
"నువ్వు లిఫ్టులు బాగుచేసేవాడివి కదా"
అంది సిర్కా ఒకసారి. మళ్ళీ ఏమీ అనలేదు.

ఎడమ పక్క ఒక చెట్టు, కుడి పక్క ఒక చెట్టు.
ఇద్దరికీ ఉన్న నేర్పు పచ్చచుక్క.
ఒక్కరికే ఉంటే నారింజ.
ఎవరూ ముట్టనిది బూడిద.
వేరు ఒకటే, వేరైనవి కొమ్మలు.
మనకైతే ఆ చిన్నమాట ఒక్కటే రెండు పనులూ చేసిపెడుతుంది,
తౌనోకి నూట నలభై లైన్ల కోడు పట్టింది.

మొక్కై వంగనిది మానై వంగదంటారు.
ఈ ఆటలో వంగుతుంది.
మూడువేల నాణేలిస్తే, సత్రం వెనక కూర్చున్న గుడ్డివాడు
చెట్టంతా విప్పేసి, పాయింట్లన్నీ దోసిట్లో పోసి
మళ్ళీ నాటుకోమంటాడు.
రైమో ఒక్కసారీ వాడి దగ్గరికి పోలేదు.
తౌనో తొమ్మిదిసార్లు పోయాడు. ఎవరికీ చెప్పలేదు.

మీట నొక్కాడు.
పచ్చ. పచ్చ. పచ్చ.
తొంభై నాలుగు పాయింట్లలో
ఎనభై తొమ్మిది పచ్చ.

గోడల్లోంచి తమ్మెర్‌కోస్కి హోరు.
పదకొండేళ్ళు, ఐదు చుక్కల కోసం.
అందులో ఒకటి చేపలు పట్టడం.

రైమో వచ్చాడు, టోపీ మీద మంచు దులుపుకుంటూ.
తెర వైపు చాలాసేపు చూశాడు.
"ఆ పచ్చ కళ్ళు పొడిచేస్తోంది. తగ్గించు."
స్పానర్ తీసుకుని, గుమ్మం దగ్గర ఆగి:
"చేపలు పట్టడం నువ్వెందుకు నేర్చుకున్నావ్?"

జవాబు లేదు.
దారి పొడుగునా తౌనోకి ఒకటే గుచ్చుకుంది:
ఏమేం కాశాయో చెబుతుంది చెట్టు,
ఏది ముందు కాసిందో చెప్పదు.
గాయం మాన్పే నేర్పు ఇద్దరిలోనూ పచ్చే.
రైమో దాన్ని రెండో మెట్టు మీదే తీసుకున్నాడు,
కత్తి పట్టడం కూడా రాని రోజుల్లో,
తోడేళ్ళ లోయలో చస్తూ లేస్తూ
ముక్కూ మొహం తెలియనివాళ్ళను లేపుతూ.
తౌనో చివర్న తీసుకున్నాడు,
కొనడానికి ఇంకేమీ మిగలక.

ఆ రాత్రి పాత సేవ్ ఫైళ్ళన్నీ తవ్వి
ప్రతి చుక్క పక్కనా చిన్న అంకె వేయించాడు,
అది ఎన్నో పాయింటో.
రైమో చెట్టులో చుక్కకొక్క అంకె.
తన చెట్టులో చుక్కకు పది,
కొట్టేసి రాసిన జాబులా, కొట్టేసి రాసిన జాబులా.
దాచుకున్నదంతా వరుసగా బయటపడింది.
గాయం మాన్పడం దగ్గర మాత్రం
పదిసార్లూ తొంభై దాటే.

ఆ నిలువు గడి తీసేద్దామనుకున్నాడు.
పచ్చ కొంచెం తగ్గించి, అలాగే రైమోకి పంపేశాడు.

"ఎవరు గెలిచారు?" నిద్రమత్తులో సిర్కా.
"దానికింకా కోడు రాయలేదు."

తర్వాత ఆట తెరిచాడు. లోపల వాన.
వీరుడు డాలు బోర్లించి దాని మీద కూర్చుని
గాలం వేశాడు.