అర అంగుళం

బిట్రగుంట రైల్వే ఆసుపత్రిలో
తలుపు పక్క గోడకి, సున్నం మీద నల్లగీతలు,
అడుగులూ అంగుళాలూ.
కాంపౌండరు పెంచలయ్య, మా నాయన,
దేవుడి పటం తుడిచినట్టు తుడిచేవాడు వాటిని.

ఫైర్‌మన్లు కాళ్లు పట్టుకున్నా
లేని జ్వరం రాసిన చెయ్యి కాదు.
చూపు ఆనని డ్రైవరు కోటారెడ్డికి
ఆనదనే రాసి,
ఆయన ఇంటి ముందర నడవలేక
ఆర్నెల్లు షెడ్డు చుట్టూ తిరిగి ఇంటికొచ్చినాడు.

సమ్మె జరిగిన మరుసటేడు
ఆ గోడ దగ్గరికి
మెయిలు డ్రైవరు రోడ్రిగ్స్ కూతురు నోరీన్ వచ్చింది,
చేతిలో బొంబాయి కాగితం.
దేశం మొత్తానికీ ఒక అందగత్తెని ఎంచుతారంట.
ఎత్తు అయిదడుగుల ఆరంగుళాలకి తగ్గకూడదంట.
ఆసుపత్రి సంతకం కావాలంట.
డాక్టరు ఆ పొద్దు కావలి పోయున్నాడు.

మిగతా కొలతల గళ్లు చూసి
మా నాయన చెవులు ఎర్రబడినాయి.
అమ్మని పిలిపించినాడు.
తెరచాటున, టైలరు జానీబాషా టేపుతో
అమ్మ కొలుస్తా నాకు చెప్పింది
ముప్పై నాలుగు అని,
ఎవురో పోయిన కబురు చెప్పినట్టు గుసగుసగా.
నేను రాసుకున్నా.
ఇరవై నాలుగు. "ఈ పిల్ల రెండుపూట్లా తింటా ఉండాదా?"
అదీ రాయబోయి ఆగినా.

ఎత్తు మాత్రం నాయనే చూసినాడు.
చెప్పులిప్పించి, మడమలు గోడకానించి,
తల మీద అట్ట పెట్టినాడు.
అయిదడుగుల అయిదున్నర.
మళ్లీ పెట్టినాడు.
అయిదున్నరే.
నోరీన్ ఊపిరి బిగబట్టింది
గాలి నిండితే పొడుగవుతామేమోనని.
షెడ్డులో ఏదో ఇంజను ఆవిరి వదిలింది.
మా నాయన జేబులోంచి కలం తీసి
మూత వెనక తగిలించి
ఆరు అని రాసినాడు.
సిరా ఆరేదాకా ఊదినాడు.

ఆ రాత్రి అన్నంలో మజ్జిగ పోసుకొని
కలపకుండానే లేచిపోయినాడు.

వాళ్ల నాయన పాసు మీద
గూడూరులో బండి మారి, గుంతకల్లు మీదుగా
పోయింది నోరీన్.
ఇన్‌స్టిట్యూట్ డాన్సుకి కుట్టిన గౌను,
అమ్మ ఎరువిచ్చిన వెంకటగిరి చీర,
దోవకి నిమ్మకాయ అన్నం.

పదిహేను దినాలకి వచ్చింది.
కిరీటం లేదు.
నడుముకి కట్టిన రిబ్బను మాత్రం తెచ్చుకుంది,
పంతొమ్మిదో నంబరు.
వారపత్రికలో గెలిచినమ్మాయి భుజం వెనక
ఒక చెవీ, మా అమ్మ చీర అంచూ పడితే
కాలనీ అంతా వంతులేసుకొని చూసింది ఆ చెవిని.

ఢిల్లీ పిల్ల జాకెట్టుకి పిన్నీసులు ఇచ్చినానంది.
కలకత్తా అమ్మాయి రాత్రుళ్లు బాత్రూములో కూచొని
లెక్కల పరీక్షకి చదివేదంట.
గెలిచినామె స్టేజీ మీద ఏడ్చింది కిరీటానికి కాదు,
దాని దువ్వెన పళ్లు మాడుకి గుచ్చుకొనంట.
మీదేవూరు అంటే బిట్రగుంట అన్నానంది,
మళ్లీ అడిగినారంట, మళ్లీ చెప్పిందంట,
మూడోసారికి మైకాయన
మద్రాసు దగ్గర అనేసినాడంట.

"ఎత్తు కొలిచినారా?"
మా నాయన అడిగింది అదొక్కటే.
"లేదంకుల్. అందరికీ నాలుగంగుళాల మడమలే."

నాయన ఏమీ అనలేదు.
సీసాలో ఎర్ర మందు ఎవురికో వంపతా ఉన్నాడు,
గీత దాటి పోసినాడు.

నోరీన్ చెప్పులిప్పింది.
గోడకి ఆనుకొని నిలబడింది.
"ఇప్పుడు చూడండి."
నాయన అట్ట పెట్టి చానాసేపు చూసినాడు.
పక్కనించి నాకు కనపడతానే ఉంది
అట్ట ఎక్కడ ఆగిందో.
"ఎంత?"
"రాసినంత," అన్నాడు.

ఆ ఆదివారం గోడకి సున్నం కొట్టించి
గీతలన్నీ తనే మళ్లీ గీసినాడు.
నేలమించి ఎక్కడ మొదలుపెట్టినాడో
నేను చూడలేదు.