ఒక మనిషి తక్కువ

లంక సినిమా అని రాశాను గ్రంథాలయం తలుపు మీద,
సుద్దముక్కతో.
ముందు శ్రీ పెట్టడానికి చోటు చాల్లేదు.
అందుకని అప్పనరామునిలంక నుంచి, సఖినేటిపల్లి లంక నుంచి
మన కథే కాబోలనుకుని వచ్చారు జనం,
పిక్కల మీది ఒండ్రు ఆరకుండానే.

తెర మీద ముందుగా కొబ్బరిడొక్కలు తేలాయి.
ఊరబెట్టిన నీటి కంపు
అక్కడిదో ఇక్కడిదో తెలీలేదు.
మనదేరా ఇది, అన్నాడు పీచు మిల్లు వీర్రాఘవులు
కుర్చీ ముందుకు లాక్కుంటూ.

అంతలో తెరమీది మనిషి నోరు విప్పింది.
సింహళం.
కింద రావలసిన అక్షరాలు రాలేదు.
నవలలోంచి తీసిన మంచి సినిమా అని
కాకినాడ మిత్రుడిస్తే వేసి చూడకుండా తెచ్చాను.
తప్పు నాదే.
కందులు, అందామె. మళ్ళీ కందులు, అంది.
కిలో ఎంతట, అని ముందు వరస నవ్వింది.

వెనక, చెప్పులు విప్పే చోటు నుంచి
ఒక గొంతు:
కందులు కాదండీ. కన్నీళ్ళు.

పెనుమాల దీవెన.
పదకొండేళ్ళు కువైట్లో ఒకరింట వండి వచ్చింది.
ఆ వంటింటి వెనక గదిలో రెండో మంచం సోమలతది,
మాతర అవతల ఏదో పల్లె.
పగలంతా అరబ్బీ తిట్లు,
పొద్దుపోయాక నవల.
కోడి ఈకలు పీకుతూ ఒక అధ్యాయం,
తెల్ల అంగీలు ఇస్త్రీ చేస్తూ ఇంకొకటి,
పుస్తకం లేకుండానే,
బళ్ళో చదివింది ఎంత గుర్తుంటే అంత.

దీవెన తెర పక్కకొచ్చి నిలబడింది.
తెరమీది మాట కంటే అరక్షణం ముందే
తెలుగు వచ్చేస్తోంది.
రేవు పాటలో ఓడిన ముసలాయన, అతని అప్పు,
ఆ అప్పు కింద ఇస్తానన్న కూతురు.
ఇప్పుడు దీపం ఆర్పుద్ది చూడండి, అంటే ఆర్పేది.
ఇహ ఇతను రాడు, అంటే
రాలేదు.

చివర్న కూతురు పడవెక్కింది, ఒక్కతీ.
గిహిన్ ఎన్నం, అంది.
వెళ్ళొస్తా, అంది దీవెన.
వాళ్ళూ వెళ్తాననరండీ, మనలాగే.
అని, చప్పున
ఆపండి, ఆపండి.
ఒక మనిషి తక్కువయ్యింది.

పనిపిల్ల.
పొడి అని పిలుస్తారంట, బుల్లి అన్నట్టు.
తెడ్డు దాని చేతిలో కదా ఉండాల.
గాజులు తియ్యలేదని తేలిన రాత్రి
కొట్టిన చేతులే అన్నం పెడితే తినకుండా
పడవ విప్పింది అదే కదా.
సోమలత దాని గురించే వారం చెప్పింది.

పేర్లు పైకి పాకుతున్నాయి.
ఎవరూ లేవలేదు.

నవల తెప్పించాను. నాలుగు నెలలు పట్టింది.
గుండ్రటి అక్షరాలు,
మన అక్షరాలకి మేనత్త కూతుళ్ళలా ఉన్నాయి గానీ
ఒక్కటీ పలకరించదు.
దీవెనకి ఆ భాష చెవిలోకే వచ్చింది,
కంట్లోకి రాలేదు.
సోమలత నెంబరు మోగడం మానేసి మూడేళ్ళు.

ఉన్న పిల్లని సినిమావాళ్ళు దింపేశారో,
లేని పిల్లని
ఆ ఇస్త్రీ బల్ల దగ్గర సోమలత ఎక్కించిందో.
శనివారాలు వచ్చి పేజీలు తిప్పుతుంది.
ఎక్కడో మధ్యలో వేలు పెట్టి
చాలాసేపు తియ్యదు.

మొన్న, ఇంటికి రాసివ్వండి, అంది.
చదవలేవు కదా, అనేశాను.
అనకుండా ఉండాల్సింది.
అయినా రాయండి, అంది.

పేరు రాశాను, నంబరు వేశాను.
తిరిగివ్వాల్సిన తేదీ దగ్గర పెన్ను ఆగింది.
అవతల నరసాపురం పంటు
కూత వేస్తోంది.