నాలుగో నంబరు చెరువు

లోసరిలో రాత్రి రెండింటికి కరెంటు పోయింది.
ఏరియేటర్ల హోరు ఒక్కసారిగా తెగి
ఉప్పుటేరు వైపు నుంచి కప్పల గోల వినబడింది.
ల్యాప్‌టాప్‌లో ఇంకా ముప్పై శాతం ప్రాణం.

తెర మీద ఒక గెలాక్సీ గుండె.
ఆ వెలుగు బయల్దేరేనాటికి
మా కాళ్ళకింది ఒండ్రు ఇంకా కొండల్లోనే ఉంది.
గుండె చుట్టూ నేను పేర్చిన వాయువు
ఘన సెంటీమీటరుకి వెయ్యి పరమాణువులు,
మనం పీల్చే గాలి దాని ముందు ఇనుపదిమ్మె.

అంత పలచన కాబట్టే
రెండు ఎలక్ట్రాన్లు పోగొట్టుకున్న ఆక్సిజన్
ఎవరూ వచ్చి గుద్దకుండా
అరనిమిషం పైగా అలా కూర్చుని
తీరుబడిగా ఒక ఆకుపచ్చ వెలుగు విడుస్తుంది.
నిషిద్ధ రేఖ అంటారు దాన్ని.
పేరు పెట్టినవాళ్ళకి అంత తీరిక ఉండి ఉండదు.

నా లెక్కలో ఆ గీత పదింతలు లావు.
దుర్భిణి చూసినదేమో సన్నం.
సాంద్రత మార్చాను, లోహాలు తగ్గించాను,
మూడు వారాలుగా మార్చనిది
నా దిండు గలీబు ఒక్కటే.

"ఆక్సిజన్ పడిపోద్దండి, లైటట్టుకుని రండి!"
ఏసోబు కేక.
గనిరాజు బాబాయి జనరేటరు హ్యాండిల్ తిప్పుతున్నాడు,
అది దగ్గుతోంది, అంటుకోవడం లేదు.

నాలుగో నంబరు చెరువు గట్టు మీద
బ్యాటరీ లైటు నీళ్ళ మీదికి వాల్చాడు ఏసోబు.
రొయ్యల కళ్ళు,
నిప్పురవ్వల్లా, జంటలు జంటలుగా
మన వెలుగునే మనకి తిప్పి పంపుతూ.
"ఇన్ని కళ్ళు ఎలా లెక్కపెడతావు?"
"కళ్ళు లెక్కెట్టనండి. కళ్ళు లేని సోటు సూత్తాను.
నడిమద్దిన సీకటుందంటే అంచుకొచ్చేసినట్టే."

జనరేటరు అంటుకుంది. డీజిలు వాసన.
చక్రాలు నీళ్ళని చరచడం మొదలెట్టాయి.
గట్టు మీదే గొంతుక్కూర్చుని తెర తెరిచాను.
పదకొండు శాతం.

నేను కట్టింది మబ్బు కాదు, గోడ.
ఎక్కడా సందు లేదు.
వెలుగు తప్పించుకుపోయే దారి వదలాలన్నది
మొదటి సంవత్సరం పాఠం. సిగ్గేసింది.
పదిలో తొమ్మిది వంతులు ఖాళీ వదిలాను.

ఆకుపచ్చ గీత సన్నబడి
దుర్భిణి గీత మీద పడుకుంది.
నత్రజని మాత్రం ఇంకా మాట వినడం లేదు.

ఏసోబు మీటరు ముంచి చూశాడు.
"మూడున్నరండి" అన్నాడు,
"నాలుగు దాటితే గానీ టీ లేదు."