ఎక్కించి ఉన్న డిస్కు

క్లాక్స్‌విక్ రేవు ఆఫీసు. రాత్రి రెండున్నర.
కిటికీ అవతల వాన అడ్డంగా కురుస్తోంది.
ఈ దీవుల్లో వానకి నిలువు తెలీదు.
సర్వరు గది చలిలో
మేజోళ్ళ మీద మేజోళ్ళు తొడుక్కుని సున్నివా
డిస్కు నాడి పట్టుకుని కూర్చుంది.

జాగా ఉంది. నూటికి అరవై ఒకటే నిండింది.
ఐనోడ్లూ బోలెడు మిగిలాయి.
మనిషైతే గుండ్రాయిలా ఉన్నాడందురు.
లాగులో మాత్రం, పదకొండూ నలభైకి, ఒక్క వాక్యం:
ఫలానా బ్లాకు చదవబోయాను, అందలేదు.
ఆ వెంటనే కెర్నెల్ తనంతట తాను తలుపు సగం మూసేసింది.
చదువుకోండి. ఇక రాయనివ్వను.

అప్పట్నుంచీ ఆటుపోట్ల లెక్క ఎక్కడం లేదు.
సముద్రం ఎక్కుతూనే ఉంది.

బాగుచేయమంటే యంత్రం ఎదురడిగింది:
ఇది ఇంకా ఎక్కించే ఉంది, చెయ్యి పెడితే చెడుతుంది,
నిజంగానే కానివ్వమంటావా?
ఈ ప్రశ్నకి ఒకసారి ఊఁ కొట్టినవాణ్ణి ఆమె ఎరుగును.
ఇప్పుడతను సాల్మన్ ప్యాకింగులో ఉన్నాడు.
వద్దు, అంది.

ముందు దింపాలి.
దింపబోతే దిగదు. ఎవరో వాడుకుంటున్నారట.
ఎవరా అని వెతికితే ఒకే పేరు: హానుస్.
పై అంతస్తు, పాత రేడియో గది.
రిటైరై ఆరేళ్ళయినా తాళంచెవి తిరిగివ్వని మనిషి.

ఫోన్ చేసింది.
"ఏం తెరిచారు?"
"తొంభై నాలుగు, ఫిబ్రవరి. పడవల పిలుపులు."
వెనకాల గాలి. గాలి లోపల ఎవరిదో గొంతు,
కాఫీ పెట్టి ఉంచమంటోంది.
"ఇంకా ఎంతసేపు?"
"నాలుగు నిమిషాలు. ఆ తర్వాత వాడు మాట్లాడడు."

బలవంతాన దింపే ఆజ్ఞ ఒకటుంది,
ఒక్క అక్షరం ఎక్కువ కొడితే చాలు.
సున్నివా చేతులు చంకల్లో పెట్టుకుంది.

ఏడో నిమిషానికి దిగింది.
చివరి మూడూ ఉత్త గాలే అయ్యుంటుంది.

తర్వాత అయిదు అంచెల పరీక్ష.
పేర్లు ఊడిపోయినవి రెండు దొరికాయి.
దిక్కులేనివాటిని ఉంచే గదిలో
ఒక్కోదానికీ ఒక అంకె తగిలించి పడేసింది యంత్రం.
ఒకటి పోయినేటి పోటుపట్టిక.
రెండోది పద్నాలుగు సెకన్ల హోరు,
ఏ పడవదో, ఏ ఏటిదో.
హానుస్‌ని పొద్దున అడగాలి,
డిసెంబరు కదా, పొద్దంటే తొమ్మిదిన్నర.

మళ్ళీ ఎక్కించింది. రాయనిస్తోంది.
మూడూ పన్నెండుకి నీటిమట్టం పడింది, రెండు దశాంశాలతో.
దాని పైన మూడున్నర గంటల మేర
ఏమీ లేదు.
సరాసరి తీసి పూడ్చవచ్చు. అందరూ అదే చేస్తారు.
ఆమె దాన్ని అలాగే ఉంచి
మేజోళ్ళు ఒక జత విప్పింది.