ఖాళీ గడి

శిక్షణ మూడో రోజు.
బాయిలర్‌లో బొగ్గు తడిసిందట,
నారిన్ విశ్వవిద్యాలయంలో గదులు వేడెక్కలేదు.
కోట్లు విప్పకుండానే కూర్చున్నారు
ఇరవై రెండు మంది అధ్యాపకులు,
వేళ్ళ మీద ఊదుకుంటూ, మౌస్ పట్టుకుంటూ.

రాజధాని నుంచి వచ్చినదాన్ని నేను.
నా బ్యాగులో ఇరవై రెండు సర్టిఫికెట్లు,
ఎవరికేం వచ్చో తేలకముందే
పేర్లు అచ్చయిపోయినవి.

మొదటి వరుసలో తుర్దాకున్ అగాయ్.
అగాయ్ అంటే మాస్టారు. మా దగ్గర
పదవి ఊడినా ఆ మాట ఊడదు.
పదమూడేళ్ళ కిందట జలశాస్త్రంలో
నన్ను రెండుసార్లు తప్పించినాయన.
ఇప్పుడు చెయ్యెత్తి అడుగుతున్నాడు:
"అమ్మాయ్, నా బాణం గుర్తు ఎటు పోయింది?"
నాకు కసి తీరాలి, నిజానికి.
తీరలేదు.
వెతికితే ప్రొజెక్టర్ తెర మీద దొరికింది,
నా స్లైడు మీదే దారి తప్పి తిరుగుతూ.

పొద్దున వీడియో పాఠాలు.
రసాయనశాస్త్రం సాబిర్‌కుల్ మైకు నొక్కకుండానే
నలభై నిమిషాలు చెప్పాడు.
పెదాలు కదిలాయి, పరీక్షనాళిక నీలం నుంచి గులాబీ అయింది.
అందరూ చివరిదాకా చూశారు.
ఆయన పాఠం ఇంత శ్రద్ధగా ఎన్నడూ వినలేదని
బురుల్చా ఎజే అంటే గది ఒక్కసారి వెచ్చబడింది.

"ఎదురుగా పిల్లలున్నారనుకోండి" అన్నాను.
"అనుకుంటే సరే,
నిద్రపోయేవాడు ఎవడో ఎలా తెలుస్తుంది?"
అగాయ్ ప్రశ్నకు
నా స్లైడుల్లో జవాబు లేదు.

మధ్యాహ్నం పరిశోధన డేటా.
ఎవరి అంకెలు వాళ్ళు తెచ్చుకోమన్నాను.
ఆయన పిండిసంచీలో తెచ్చాడు
ముప్పై నాలుగు నోటుపుస్తకాలు.
అన్నీ పెన్సిలు రాతలే,
పైన మంచు మీద సిరా గడ్డకడుతుంది మరి.
హిమానీనదంలో పాతిన కర్ర
ఏటికేడు ఎంత బయటపడిందో, అంతే లెక్క.
ఆయన చదువుతుంటే నేను కొడుతున్నాను.
తొంభై. నూట పన్నెండు. తొంభై ఆరు.
తొంభై మూడో ఏటికి వచ్చి ఆగాడు.
"ఎంత?"
"ఏమీ లేదు."
సున్నా కొట్టాను.

నా మణికట్టు పట్టుకున్నాడు.
ఆ చెయ్యి ఇంకా పైనుంచి దిగనట్టే ఉంది.
"సున్నా కాదు.
సున్నా అంటే వెళ్ళాం, కొలిచాం, మంచు కరగలేదని.
ఇది వెళ్ళలేకపోయిన ఏడు.
లారీకి పెట్రోలు లేదు.
జీతానికి బదులు పిండి ఇచ్చారు.
నేను బజారులో మేజోళ్ళు అమ్మాను,
నా దగ్గర చదివినవాళ్ళే బేరమాడి కొన్నారు.
ఈ సంచీ ఆ పిండిదే."

సున్నా తుడిచాను.
దాని కింద ఇంకో మూడు గడులు
ముట్టుకోకుండా దాటాం.

నలభై ఒకటో స్లైడులో ఉంది ఆ మాట:
లేని విలువను సున్నాతో నింపరాదు.
పదకొండు ఊళ్ళలో చదివి వినిపించాను.
ఏ ఊళ్ళోనూ దానికి
పిండి వాసన రాలేదు.

సాయంత్రం ఆయనే అడిగాడు, కెమెరా పెట్టమని.
కటకంలోకి చూడలేదు.
దానికి జానెడు పైన,
గోడకీ కిటికీకీ మధ్య
ఆఖరి బెంచీ ఉండేచోట చూశాడు.
తెల్లకాగితం మీద ఓ గీత గీసి చూపించాడు,
నాలుగేళ్ళ దగ్గర పెన్సిలు పైకెత్తి,
గాలిలోనే అంత మేరా నడిపించి
మళ్ళీ దించాడు.
మూడు నిమిషాలకి రికార్డింగు దానంతటదే ఆగిపోయింది.
ఆయన ఇంకా చెబుతూనే ఉన్నాడు.

రాత్రి అతిథిగృహంలో నివేదిక నింపుతున్నాను.
శిక్షణకు ముందు మీ నైపుణ్యం,
ఒకటి నుంచి అయిదు దాకా, ఎంత?
అగాయ్ ఆ గడి ఖాళీగా వదిలేశాడు.
తెర ఒప్పుకోదు.
ఎర్రచుక్క పెట్టి, అంకె వెయ్యమంటుంది,
వెయ్యకపోతే తర్వాతి పేరుకి పోనివ్వనంటుంది.

ఇంకా పదిహేడు పేర్లున్నాయి.
కింద డ్రైవరు రెండుసార్లు హారను కొట్టాడు.
టీ చల్లారింది.
గడిలో గీత వెలుగుతోంది, ఆరుతోంది.