తల మునిగేంత నీళ్ళు

ముందు ముక్కును పంపు, తర్వాత కళ్ళను,
చేతులు ఆ తర్వాత,
పర్సు అన్నిటికన్నా ఆఖరున.
బాతులు కొనడానికి బయల్దేరినప్పుడల్లా
ఊనా పిన్ని చెప్పే వరస ఇది.

లీట్రిమ్‌లో వాన పడటం వార్తేం కాదు.
ఫింటన్ వాకిట్లో వ్యాన్ ఆపినప్పుడు
వైపర్లింకా అడ్డంగా తలూపుతూనే ఉన్నాయి.
"నాలుగు ఖాకీ క్యాంప్‌బెల్ పెట్టలు,
ఒక్కోటి పద్దెనిమిది యూరోలు,
గుడ్లకొచ్చాయి" అన్నాడు ఫోనులో.
షెడ్డు తలుపు తీశాడు.
నా ముక్కు నాకన్నా ముందే గడప దాటి
నాకన్నా ముందే వెనక్కొచ్చేసింది.

తడిసిన గడ్డి, దాని కింద ఇంకా తడిసిన గడ్డి,
దాని కింద ఎన్ని వారాలున్నాయో.
మూలన పెయింటు డబ్బా మూతలో నీళ్ళు.
గొంతు తడుపుకోడానికి చాలు,
ముఖం కడుక్కోడానికి చాలవు.
చెరువు లేకపోయినా బాతు బతికేస్తుంది గానీ
తల మునిగేంత నీళ్ళు లేకపోతే
కళ్ళు పుసి కట్టి అంటుకుపోతాయి.
రెండింటికి అప్పటికే అంటుకుపోయాయి.

"చేత్తో పట్టి చూడొచ్చా?"
"ఓ" అంటూ ఒకదాన్ని మెడ దొరకబుచ్చుకోబోయాడు.
"ఉండు, నేను పడతాను."
పొట్ట కింద అరచెయ్యి పెట్టి స్వెటర్‌కి హత్తుకున్నాను.
బరువు అనుకున్నచోట ఈకలే ఉన్నాయి.
రొమ్ము ఎముక వేలికి కత్తివాదరలా తగిలింది.
పాదం తిప్పి చూస్తే
అరికాలి నడుమ ఆనెకాయలా గట్టి నల్లమచ్చ.
గుండె మాత్రం దడదడా, దడదడా,
నా వాచీని మించిపోయి.

డెబ్బై రెండు యూరోలున్నాయి జేబులో.
ఇస్తే ఈ నాలుగూ ఇవాళే బయటపడతాయి,
వచ్చే వారం ఇదే గడ్డి మీదికి ఇంకో నాలుగొస్తాయి.
ఇవ్వకపోతే నా చేతులు శుభ్రంగా ఉంటాయి,
వాటి కళ్ళు ఉండవు.
పిన్ని వరసలో దీని ఊసే లేదు.
ఆవిడ ఊరికే తిరిగొచ్చేసేది,
దారి పొడుగునా స్టీరింగును తిడుతూ.

వ్యాన్ వైపు నడిచాను.
"పదిహేనుకిస్తా!" వెనకనుంచి కేక.
వెళ్ళిపోతున్నాననుకున్నాడు.
నేను గిన్నెలు కడిగే బేసిన్ తీసుకొచ్చి
"కొళాయెక్కడ?" అన్నాను.

నిండా నీళ్ళు చూసి ముందు గోడకి నక్కాయి.
కాసేపటికి ఒకటొచ్చింది, ఆ కుంటిదే.
ముక్కు పెట్టింది. తీసింది.
మెడదాకా తల ముంచేసింది.
లేపి విదిలిస్తే
వీపు మీద నీళ్ళు పూసల్లా జారాయి.
మళ్ళీ ముంచింది. మళ్ళీ.
తర్వాత నాలుగూ ఒకదాన్నొకటి తోసుకుంటూ,
బేసిన్ బూడిదరంగైపోయి,
నా బూట్లు తడిసిపోయి.

"ఇట్లా చేస్తాయా ఇవి?" అన్నాడు ఫింటన్.
నిజంగానే అడిగాడు.
అప్పుడు చూశాను అతని కుడిచెయ్యి:
మూడు వేళ్ళు లోపలికి వంగి బిగుసుకుపోయి ఉన్నాయి.
బకెట్ పిడి ఆ చేతికి చిక్కదు,
మూతైతే ఎలాగో మోయొచ్చు.

అలాగని తప్పు ఒప్పైపోదు.
పక్కింటివాళ్ళని అడగొచ్చు.
బాతులు పెంచకుండానూ ఉండొచ్చు.
"మళ్ళీ తెస్తావా?" అన్నాను.
చూపు బేసిన్ మీంచి తీయకుండా
"ఇరవై పిల్లలకి అడ్వాన్సిచ్చేశాను" అన్నాడు.

నాలుగూ కొన్నాను. పద్దెనిమిది చొప్పునే.
మంచి పని చేశానని మాత్రం అనను.
ఇన్‌స్పెక్టర్ నంబరు నా ఫోనులో ఉందని
అతని మొహం మీదే చెప్పాను.
తలూపాడు, వైపర్లలా కాదు, నిలువుగా.

బేసిన్ అక్కడే వదిలేసి వచ్చాను.
మంగళవారం మళ్ళీ వెళ్తాను.
బేసిన్ కోసమొచ్చానంటాను,
దాన్లో నీళ్ళుంటే
తీసుకోకుండానే వచ్చేస్తాను.